లోబెడ్ ట్రైలర్ దగ్గర అన్నయ్యతో పేచీ: ఏది కొనాలి?

ఈసారి ఉత్తరం రాసినామె వయసు 34. తండ్రి పోయాక ఆమె, అన్నయ్య కలిసి నిర్మాణ యంత్రాలు అద్దెకిచ్చే వ్యాపారం నడుపుతున్నారు. సైట్ల పని అన్నయ్య చూస్తాడు. లెక్కలు, ఏ యంత్రం ఎప్పుడు ఎక్కడికి వెళ్లాలన్నది ఈమె చూసుకుంటారు. 22 టన్నుల పొక్లెయిన్, 11 టన్నుల రోలర్, ట్రైలర్‌ను లాగే హెడ్ సొంతంగా ఉన్నాయి. ఆ యంత్రాలను మోసుకెళ్లే ట్రైలర్ మాత్రం ఇప్పటిదాకా అద్దెదే.

ఇప్పుడు సొంతంగా ఒకటి కొందామనుకుంటే గొడవ మొదలైంది. అన్నయ్య ఒక పాత సెమీ లోబెడ్ చూసి వచ్చాడు, అంటే యంత్రం నిలిచే బెడ్ లోబెడ్‌లో అంత కిందికి ఉండని ట్రైలర్. మూడు యాక్సిళ్లు, కదలని గూస్‌నెక్ (బెడ్‌ను హెడ్‌కు కలిపే ముందరి మెడ భాగం), వెనక ఇనుప ర్యాంపులు, మోయగల బరువు చెప్పే ప్లేట్ మీద 50 టన్నులు అని ఉంది. వచ్చే ఏడాది ఒక క్వారీ పని రావచ్చు, వస్తే 38 టన్నుల డోజర్ తీసుకోవాలి, కాబట్టి 50 టన్నులది ఉంటే ఏదైనా ఎక్కించొచ్చు అని అతని వాదన. చెల్లెలు మాత్రం గూస్‌నెక్ విడిపోయి, ముందు వైపు నుంచి యంత్రం ఎక్కే హైడ్రాలిక్ లోబెడ్ కావాలంటున్నారు. ‘నీకు బండ్ల సంగతి ఏం తెలుసు’ అని అన్నయ్య అన్న రోజు నుంచి ఇద్దరి మధ్య మాటల్లేవు, ఫోన్‌లో మెసేజ్‌లే.

అన్నయ్యకు తెలియని సంగతి ఒకటుంది. క్రితం వానల్లో అద్దె ట్రైలర్ మీదికి ఎక్కిస్తుంటే రోలర్ ర్యాంప్ మీద జారి పక్కకు పడింది. నడుపుతున్న పెద్దాయన దూకేశాడు. చీలమండ బెణికింది, అంతకు మించి ఏమీ కాలేదు. చిన్నప్పటి నుంచి ఈమె ఆయన్ను బాబాయ్ అనే పిలుస్తారు. పని పోతుందన్న భయంతో అన్నయ్యకు చెప్పొద్దని మాట తీసుకున్నాడు. ‘మాటయితే ఇచ్చాను. ఆ రోజు నుంచి యంత్రం కదులుతోందంటే టెన్షనే. ఏ ట్రైలర్ కొనాలి? అన్నయ్యను ఎలా ఒప్పించాలి?’ అని అడిగారు.

మీరూ మీ అన్నయ్యా ఒకే విషయం మీద వాదించుకుంటున్నారని నాకు అనిపించడం లేదండీ. ఆయన డోజర్ గురించి మాట్లాడుతున్నాడు, మీరు బాబాయ్ ప్రాణం గురించి మాట్లాడుతున్నారు. కానీ ఆ రెండోది ఆయనకు తెలియదు. తెలియనప్పుడు మీ పట్టుదల ఆయన కంటికి ఖరీదైన వస్తువు మీద మోజులాగే కనబడుతుంది. ఆ మాట దగ్గరికి తర్వాత వస్తాను. ముందు రోలర్ సంగతి చూద్దాం, ఎందుకంటే మీరు అడుగుతున్న ట్రైలర్ ఆ ప్రమాదాన్ని నిజంగా ఆపుతుందా లేదా అన్నది ముందుగా తేలాలి.

సెమీ లోబెడ్ బెడ్ నేల నుంచి దాదాపు ఒక మీటరు ఎత్తులో ఉంటుంది. ర్యాంప్ పొడవు రెండున్నర మీటర్లు అనుకుంటే వాలు దాదాపు 24 డిగ్రీలు వస్తుంది. ఆ వాలు ఎక్కే శక్తి యంత్రాలకు ఉంటుంది, చాలా పొక్లెయిన్లు 35 డిగ్రీల వాలు కూడా ఎక్కగలవు. రోలర్ దగ్గర చిక్కు శక్తిది కాదు, పట్టుది. నున్నటి ఇనుప డ్రమ్ము ఇనుప ర్యాంప్ మీద ఎక్కుతోంది, పైగా తడి, బురద, ఎక్కడో కాస్త ఆయిలు. 24 డిగ్రీల దగ్గర జారకుండా నిలవాలంటే బరువులో సుమారు 40 శాతం పట్టు కావాలి. తడిసిన ఇనుము మీద ఇనుముకు అంత పట్టు దొరకదు. అంటే ఆ రోజు జరిగినదాంట్లో బాబాయ్ చేతగానితనం ఏమీ లేదు. ఎంత అనుభవం ఉన్నవాడికైనా అది జరిగేదే. ఈ మాట ఆయనకు మీరు చెప్పాలి, బహుశా ఆయన లోపల్లోపల తననే నిందించుకుంటూ ఉండొచ్చు.

జారుడు ఒక్కటే కాదు, ర్యాంప్ చివర ఇంకో ప్రమాదం ఉంది. పొక్లెయిన్ లాంటి చైన్ బండి బరువు కేంద్రం ర్యాంప్ అంచు దాటే క్షణంలో ముందు భాగం ఒక్కసారిగా బెడ్ మీదికి వాలుతుంది. వాలు ఎంత నిటారుగా ఉంటే ఆ వాలడం అంత మోటుగా ఉంటుంది. పొక్లెయిన్ నడిపేవాళ్లు బకెట్‌ను ముందుకు చాచి బెడ్‌కు ఆనించి ఆ కుదుపును తగ్గిస్తారు.

మీరు కోరుకునే లోబెడ్‌లో ఈ ర్యాంప్ దాదాపుగా ఉండదు. గూస్‌నెక్‌ను హైడ్రాలిక్ జాకీలతో దించితే బెడ్ ముందు అంచు నేలకు ఆనుతుంది, లాకులు వదిలించి హెడ్‌ను గూస్‌నెక్‌తో సహా ముందుకు తీసుకెళ్తే యంత్రం ఎదురుగా వచ్చి కొద్ది డిగ్రీల వాలు మీద ఎక్కేస్తుంది. బెడ్ మీద గట్టి చెక్క పలకలుంటే డ్రమ్ముకు ఇంకా మంచి పట్టు దొరుకుతుంది. కాబట్టి మీ భయానికి ఈ ట్రైలర్ సరైన జవాబే.

అయితే మీ అన్నయ్య భయాలూ గాలివాటంగా వచ్చినవి కావు. గూస్‌నెక్ విడదీసి మళ్లీ కలపాలంటే నేల చదునుగా, గట్టిగా ఉండాలి. మెత్తటి మట్టిలో బెడ్ ఒక వైపు కుంగితే గూస్‌నెక్, బెడ్ కలిసే కొక్కేలు ఒకదానికొకటి ఎదురు రావు. అప్పుడు చీకటి పడేదాకా జాకీలు, చెక్క దిమ్మలతో కుస్తీ పట్టాల్సి వస్తుంది. హెడ్ ముందుకు జరగడానికి, మధ్యలో యంత్రం మళ్లడానికి తిన్నని పొడవాటి చోటు కావాలి, ఇరుకు సైట్‌లో అది దొరకదు. సీళ్లు, హోస్‌లు, జాకీలు చూసుకునే మనిషి ఉండాలి. హోస్ పగిలిన రోజు యంత్రం బెడ్ మీదే ఇరుక్కుపోతుంది. పైగా అదే కెపాసిటీ ఉన్న కదలని గూస్‌నెక్ ట్రైలర్ కంటే ఇది బరువెక్కువ, ఆ మేరకు ఎక్కించగల సరుకు తగ్గుతుంది. వెనక ర్యాంప్ ఉన్న బండికి ఈ బాధలేమీ లేవు, ఎక్కడ నిలిపినా వెనక నుంచి దింపొచ్చు. మీ సైట్ల నేల సంగతి నాకంటే, మీకంటే మీ అన్నయ్యకే బాగా తెలుసు. ఆ ప్రశ్న ఆయన్నే అడగండి.

ఇక ప్లేట్ మీది 50 టన్నులు. నన్ను ఎక్కువ కంగారు పెడుతున్నది అదే. ఆ 50 బెడ్ అంతటా పరిచిన బరువుకా, మధ్యలో మూడు మీటర్ల మేర పడే బరువుకా? పొడవాటి బల్ల మీద నలుగురు దూరదూరంగా కూర్చుంటే ఆగుతుంది, ఆ నలుగురూ మధ్యలో ఒకే చోట నిలబడితే వంగుతుంది. రెండు చివర్లా ఆనిన దూలం మీద ఒకే బరువును మొత్తం పరిస్తే వచ్చే వంపు ఒత్తిడి కంటే, దాన్ని నట్టనడుమ ఒకే బిందువు మీద పెడితే వచ్చే ఒత్తిడి సరిగ్గా రెట్టింపు. డోజర్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. 38 టన్నుల తరగతి డోజర్ చైన్ పట్టాలు నేలకు ఆనేది దాదాపు 3.2 మీటర్ల మేరే. అంత బరువూ ఆ కొద్ది చోటులోనే దిగుతుంది. అందుకే మంచి తయారీదారులు కెపాసిటీని ‘ఇన్ని మీటర్లలో ఇన్ని టన్నులు’ అని ఇస్తారు. ఆ అంకె లేని 50ని నమ్మి డోజర్ ఎక్కించమని నేను చెప్పలేను.

డోజర్ దగ్గర ఇంకో రెండు విషయాలున్నాయి. దాని బ్లేడు వెడల్పు దాదాపు 4 మీటర్లు ఉంటుంది, విప్పి వేరే బండిలో పంపాల్సి రావచ్చు. యాక్సిల్ మీద ఎంత బరువు పడొచ్చన్నది రోడ్డు నిబంధన, ట్రైలర్ ప్లేట్ కాదు. ఇనుము ఓర్చుకున్నా మూడు యాక్సిళ్ల మీద ఆ బరువుకు అనుమతి రాకపోవచ్చు. అప్పుడు నాలుగో యాక్సిల్‌కో, విడిగా తగిలించే యాక్సిల్‌కో వీలున్న ట్రైలర్ కావాలి. అంటే ఇంకా సంతకం కాని పని కోసం కొంటున్న బండి, ఆ పని వచ్చినా పనికొస్తుందన్న భరోసా లేదు.

ఎత్తు కూడా లెక్కేసుకోండి. మీ పొక్లెయిన్ బూమ్ మడిచాక ఎంత ఎత్తుందో దాని కాగితాల్లో ఉంటుంది. 3.2 మీటర్లు అనుకుంటే, మీటరు ఎత్తు బెడ్ మీద అది 4.2 మీటర్లు అవుతుంది. బెడ్ 55 సెంటీమీటర్ల ఎత్తున్న అసలైన లోబెడ్ మీద 3.75 మాత్రమే. మీరు వెళ్లే దారుల్లో వంతెనలు, కరెంటు తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయన్న దాన్ని బట్టి ఆ 45 సెంటీమీటర్లు కొన్నిచోట్ల ప్రాణంతో సమానం, కొన్నిచోట్ల ఏమీ కాదు. అదే కారణంతో లోబెడ్ అడుగున ఖాళీ జానెడు దాకానే ఉంటుంది. రైలు గేట్లు, ఎత్తైన స్పీడ్ బ్రేకర్ల దగ్గర అడుగు ఆనుకుని బండి నిలిచిపోయే ప్రమాదం ఉంది. రైలు గేటు మీద ఆగిపోతే ఏమవుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు. దారి ముందే నడిచి చూసుకునే ఓపిక లేనివాళ్లు లోబెడ్ జోలికి పోకూడదని నా అభిప్రాయం.

మీ హెడ్‌కు ట్రైలర్ సరిపోతుందా అన్నది చాలామంది డబ్బు కట్టేశాక చూస్తారు. కింగ్ పిన్ (గూస్‌నెక్ కింద ఉండి హెడ్‌కు తగులుకునే పిన్ను) 50 మిల్లీమీటర్లదా, 90దా? ఫిఫ్త్ వీల్ (హెడ్ మీద ఆ పిన్నును పట్టుకునే పళ్లెం) ఎత్తు గూస్‌నెక్ ఎత్తుతో కలుస్తుందా? మలుపు తిరిగేటప్పుడు గూస్‌నెక్ మూలలు హెడ్ వెనక టైర్లకు, ఛాసిస్‌కు తగలకుండా చోటుందా? హైడ్రాలిక్ లోబెడ్ అయితే ఆయిల్ ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుంది? మీ హెడ్‌కు పీటీవో (ఇంజిన్ శక్తిని పంపుకు అందించే అమరిక), పంపు లేకపోతే గూస్‌నెక్ మీద చిన్న ఇంజిన్ ఉన్నదే చూసుకోవాలి, లేదా పంపు బిగించే ఖర్చు ధరలో కలుపుకోవాలి.

అన్నయ్య చూసిన పాత బండిని కొట్టిపారేయకండి. ఆయనతో కలిసి వెళ్లి చూడండి, వెంట బాబాయ్‌నీ తీసుకెళ్లండి. సరుకు లేనప్పుడు మంచి హెవీ ట్రైలర్ల బెడ్ మధ్యలో పైకి కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, బరువు పడ్డాక తిన్నగా అవ్వాలని అలా చేస్తారు. మెయిన్ బీమ్ అంచు వెంట ఈ చివర నుంచి ఆ చివరకు దారం లాగి పట్టుకుంటే తెలిసిపోతుంది. అలా ఉబ్బు పెట్టి చేసిన బండి ఖాళీగా ఉన్నప్పుడే కిందికి వంగి ఉందంటే దాన్ని ఎప్పుడో మోతాదు మించి వాడారని అర్థం. రెండు వైపులా వంపు వేర్వేరుగా ఉంటే ఛాసిస్ మెలి తిరిగింది. గూస్‌నెక్ బెడ్‌తో కలిసే మూలలు, యాక్సిళ్ల ముందు బెడ్ మలుపు తీసుకునే చోట్లు మట్టి కడిగించి చూడండి. పగుళ్లు ముందు అక్కడే పుడతాయి. మిగతా బండి వెలిసిపోయి ఉండి ఆ మూలల్లో మాత్రం కొత్త పెయింట్ ఉంటే ఎందుకని గట్టిగా అడగండి. ఈ బీమ్‌లు తరచుగా హై టెన్సైల్ (ఎక్కువ లాగుడు తట్టుకునే) ఉక్కుతో చేస్తారు. వాటి అంచుల మీద ఇష్టం వచ్చినట్టు వెల్డింగ్ పెట్టినా, రంధ్రాలు చేసినా అక్కడే బలహీనపడతాయి. అలాంటి అతుకులు కనిపిస్తే, ధర ఎంత తక్కువైనా నేనైతే వెనక్కి వచ్చేస్తాను. కింగ్ పిన్ నుంచి మొదటి యాక్సిల్ రెండు చివరలకూ టేపు పెట్టి కొలవండి, కొద్ది మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే బండి పక్కకు లాగుతుంది, టైర్లు తినేస్తుంది.

గొలుసులు కట్టే కొక్కేల సంగతి కూడా అప్పుడే చూసెయ్యండి. గట్టిగా బ్రేక్ వేసినప్పుడు యంత్రం దాని బరువులో 80 శాతం బలంతో ముందుకు తోసుకొస్తుందని లెక్కేసి కడతారు, అంటే మీ 22 టన్నులకు 17.6 టన్నులు. గ్రేడ్ 80 (గట్టి ఉక్కు రకం) గొలుసు 10 మిల్లీమీటర్లది తిన్నగా లాగితే దాదాపు 6.3 టన్నులు, 13ది 10 టన్నులు ఆపుతుంది. ఏటవాలుగా కడతాం కాబట్టి అందులో కొంత తగ్గుతుంది. నాలుగు మూలలా కట్టి, బూమ్, బకెట్‌కు విడిగా ఇంకోటి వేయడానికి సరైన చోట్ల కొక్కేలు ఉండాలి.

మీ ముందున్న దారుల గురించి నాకు తోచింది చెబుతాను. బీమ్‌లు బాగుంటే అన్నయ్య చూసిన సెమీ లోబెడ్ కొని, ఉన్న ర్యాంపులు తీసేసి మూడు మీటర్లకు పైబడినవి పెట్టించుకోవచ్చు. మూడు మీటర్లకు వాలు 20 డిగ్రీల లోపుకు వస్తుంది. ర్యాంప్ మీద చెక్క పలకలో, మందపాటి రబ్బరో బిగించాలి. ఖర్చు తక్కువ, మెత్తటి నేల మీద కూడా పని నడుస్తుంది. కానీ రోలర్ ప్రమాదం తగ్గుతుందే తప్ప పోదు, పొక్లెయిన్ ఎత్తు అలాగే ఉంటుంది. హైడ్రాలిక్ లోబెడ్ కొంటే రోలర్, ఎత్తు రెండు బాధలూ తీరతాయి, బదులుగా పైన చెప్పిన నేల బాధ, మెయింటెనెన్స్ వస్తాయి. గూస్‌నెక్‌ను చేత్తో విడదీసే మెకానికల్ రకం కూడా ఉంది. అది తేలిక, చెడిపోయే భాగాలు తక్కువ, అయితే ప్రతిసారీ శ్రమ, సమయం ఎక్కువ. పెద్ద వయసు మనిషి ఒక్కడితో ఆ పని చేయించడం నాకు ఇష్టం లేదు. ఏదీ కొనకుండా ఇంకో ఏడాది అద్దెకు నడపడం కూడా ఒక దారే, అయితే ర్యాంప్ బాగాలేని ట్రైలర్ వస్తే వెనక్కి పంపేస్తామని అద్దెకిచ్చేవాళ్లకు ముందే చెప్పాలి.

నా మొగ్గు ఎటు అంటే, డోజర్‌ను ఈ లెక్కలోంచి తీసేసి, ఇప్పుడున్న రెండు యంత్రాలకు సరిపడే ట్రైలర్ చూసుకోండి. మూడు మీటర్ల మేరలో 25 నుంచి 30 టన్నులు మోసేది చాలు. క్వారీ పని నిజంగా వస్తే డోజర్‌ను తీసుకెళ్లడానికి ఒకసారి, తీసుకురావడానికి ఒకసారి పెద్ద ట్రైలర్ అద్దెకు తీసుకోండి. డోజర్ క్వారీలోకి వెళ్లిందంటే నెలల తరబడి అక్కడే ఉంటుంది. రోజూ తిరిగేది రోలర్, పొక్లెయిన్. ఏవి ఎన్నిసార్లు తిరిగాయో మీ దగ్గర ఉన్నంత వివరంగా మీ అన్నయ్య దగ్గర ఉండదు. పోయిన ఏడాది కదిలిన ప్రతి ట్రిప్పూ తీసి, ఏ యంత్రం, సైట్ నేల గట్టిదా మెత్తదా, దారిలో ఎత్తు ఇబ్బంది ఉందా అని రాయండి. నేల సంగతి అన్నయ్యను అడిగి నింపండి. ఎక్కువ భాగం గట్టి నేల మీదే అయితే హైడ్రాలిక్ లోబెడ్ వైపు నేను గట్టిగా నిలబడతాను. సగానికి పైగా బురద సైట్లే అయితే మీ అన్నయ్య మాటే సరైనదని ఒప్పుకోవాల్సి వస్తుంది, అప్పుడు పొడవాటి ర్యాంపుల మీద పట్టుబట్టండి.

బాబాయ్‌కి ఇచ్చిన మాట దగ్గరికి వద్దాం. చెప్పకుండా ఉంటే ఏమవుతుందో మీకే తెలుసు: అన్నయ్య చవకైన ర్యాంపులున్న బండి తెస్తాడు, తర్వాతి వానల్లో అదే మనిషి అదే వాలు ఎక్కుతాడు. మాట తప్పి మీరే చెప్పేస్తే ఆయన నమ్మకం పోతుంది, ఇకముందు ఏం జరిగినా మీ దాకా రాదు, అది ఇంకా ప్రమాదం. అందుకే ముందు ఆయన దగ్గర కూర్చోండి. ఆ వాలు మీద ఎవరైనా జారేవారేనని లెక్కతో సహా చెప్పండి. ఆయన పని ఎక్కడికీ పోదని, జీతం రాసేది మీరేనని గుర్తు చేయండి. ఆయనే అన్నయ్యకు చెబితే మంచిది, మీరు పక్కన ఉండండి. అన్నయ్యకు కోపం రావచ్చు, దాచినందుకు మీ మీద ఎక్కువ రావచ్చు. ఆ కోపాన్ని భరించండి, ఆయనకు ఆ హక్కు ఉంది.

బాబాయ్ ఒప్పుకోకపోతే ఆ సంఘటన ఎత్తకుండానే అన్నయ్యకు ర్యాంప్ చూపించొచ్చు. పాత బండి చూడటానికి వెళ్లిన రోజు మీ రోలర్‌ను అక్కడికి తెప్పించండి. ఎవరినీ ఎక్కించొద్దు. రోలర్‌ను ర్యాంప్ ముందు నిలిపి, వాలు కొలిచి, ర్యాంప్ మీద కాసిని నీళ్లు పోసి, దాని మీద నడిచి చూడమనండి. సైట్ల మీద పనిచేసినవాడికి అంతకన్నా చెప్పాల్సింది ఉండదు.

ఏ ట్రైలర్ ఇంటికొచ్చినా మొదటి రోజే ఒకటి తేల్చుకోండి. నేల బాగాలేదనో, ర్యాంప్ తడిగా ఉందనో బాబాయ్ ‘ఇవాళ ఎక్కించను’ అంటే, అవతలి సైట్ నుంచి ఎన్ని ఫోన్లు వచ్చినా ఆ రోజుకు యంత్రం కదలదు. ఆ మాట మీ నోట కాకుండా మీ అన్నయ్య నోట, బాబాయ్ ఎదురుగా రావాలి.